కేటగిరీ మేనేజర్ కావడానికి డేటా సైన్స్ కోర్సు చేయాలా?

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ చదివాను. హైదరాబాద్‌లోని ఒక సూపర్‌మార్కెట్ సంస్థ హెడ్ ఆఫీసులో నూనెలు, పప్పుల విభాగంలో మూడేళ్లుగా అసిస్టెంట్ బయ్యర్‌గా పనిచేస్తున్నాను. కేటగిరీ మేనేజర్ కావాలంటే డేటా అనాలిసిస్ బాగా రావాలని పైవాళ్లు అంటున్నారు. అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థ డేటా సైన్స్ కోర్సుకు లక్ష రూపాయలకు పైగా అడుగుతోంది. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే చేరవద్దు. అలాంటి కోర్సుల్లో ఎక్కువ భాగం మెషీన్ లెర్నింగ్‌కు పోతుంది. అది వేరే ఉద్యోగానికి పనికివచ్చే చదువు. ఏ సరుకు ఉంచాలి, దేన్ని తీసేయాలి, ఏ ధరకు అమ్మాలి, షెల్ఫ్‌లో దేనికెంత చోటివ్వాలి, ఆఫర్ ఎప్పుడు పెట్టాలి అన్నవి కేటగిరీ మేనేజర్ రోజూ తేల్చవలసిన విషయాలు. వాటికి కావలసిన అంకెలు చాలావరకు మీ టేబుల్ మీదికి వచ్చే అమ్మకాల రిపోర్టులోనే ఉంటాయి. ఆ రిపోర్టును అనుమానంతో చదవడం ముందు నేర్చుకోండి, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూడవచ్చు.

మొదట సున్నాలతో, అంటే అమ్మకమే కనిపించని రోజులతో ప్రారంభించండి. ఒక స్టోరులో లీటరు వేరుశనగ నూనె ప్యాకెట్లు నెలలో 200 అమ్ముడయ్యాయని అనుకుందాం. ముప్ఫై రోజులతో భాగిస్తే రోజుకు దాదాపు 7 వస్తుంది. స్టాకు రిపోర్టును పక్కన పెట్టి చూస్తే, పది రోజులు అసలు సరుకే లేదని తెలుస్తుంది. అంటే అమ్మకం జరిగిన 20 రోజుల్లో రోజుకు 10 ప్యాకెట్లు పోయాయన్నమాట. రోజుకు 7 లెక్కన ఆర్డరు పెట్టినవారు వచ్చే నెల కూడా షెల్ఫ్‌ను ఖాళీగానే ఉంచుతారు, పైగా గిరాకీ తగ్గిందని రిపోర్టులో రాస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది: సిస్టమ్‌లో మూడు ప్యాకెట్లు ఉన్నట్లు కనిపిస్తున్నా, స్టోరుకు వెళ్లి చూస్తే అవి కారిపోయి పక్కన పడేసినవి కావచ్చు. అందుకే వారానికి ఒకపూట అయినా స్టోరులో గడపని వారి విశ్లేషణను నేను అంతగా నమ్మను.

రెండవది, నిరుటితో పోల్చడం. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న వచ్చింది. పండుగ కొనుగోళ్లు ఒక ఏడు ఏప్రిల్ మొదటి వారంలోను, మరుసటి ఏడు మార్చి చివరి వారంలోను పడ్డాయి కాబట్టి, రెండు మార్చి నెలలను పక్కపక్కన పెట్టి బెల్లం, చింతపండు అమ్మకాలు పెరిగాయని చెబితే అది పంచాంగం చూపించిన పెరుగుదలే అవుతుంది. పండుగకు ముందున్న రెండు వారాలను పండుగకు ముందున్న రెండు వారాలతోనే పోల్చాలి. మీ నూనెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబర్‌లో సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మే నెలాఖరులో 10 శాతానికి తగ్గించింది. నెయ్యిపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఇలాంటి కాలంలో రూపాయల్లో మాత్రమే అమ్మకాలు చూస్తే ధర మారిందో, కొనేవారు మారారో తెలియదు. లీటర్లు, కిలోల లెక్క కూడా పక్కనే ఉండి తీరాలి.

మూడవది లాభాన్ని కొలిచే పద్ధతి. మార్జిన్ శాతం ఎక్కువున్న సరుకే మంచిదని చాలామంది బయ్యర్లు అనుకుంటారు. ఊహించిన అంకెలతోనే ఒక లెక్క వేద్దాం. పొద్దుతిరుగుడు నూనె ఏడాదికి 24 లక్షల రూపాయల అమ్మకంపై 5 శాతం చొప్పున 1,20,000 మిగిల్చింది, దానికోసం సగటున 80,000 రూపాయల స్టాకు ఉంచారు. ఆలివ్ నూనె 2,40,000 అమ్మకంపై 25 శాతం చొప్పున 60,000 మిగిల్చింది, సగటు స్టాకు 75,000. స్టాకులో పెట్టిన రూపాయికి మొదటిది రూపాయిన్నర తెచ్చింది, రెండవది 80 పైసలే తెచ్చింది. దీనినే మన రంగంలో జీఎంఆర్ఓఐ అంటారు. స్థూల లాభాన్ని సగటు స్టాకు కొనుగోలు విలువతో భాగించడమే. అయితే ఈ ఒక్క అంకె చూసి ఆలివ్ నూనెను తీసేయమని వెంటనే సిఫారసు చేయకండి. దాన్ని కొనేవారి బిల్లులో ఇంకేమేం ఉంటాయో, అది దొరకకపోతే వారు మొత్తం బజారు వేరే చోట చేస్తారేమో చూడాలి.

అలా చూడటానికి బాస్కెట్ విశ్లేషణ, అంటే ఒకే బిల్లులో ఏయే సరుకులు కలిసి వస్తున్నాయో చూడటం పనికివస్తుంది, కానీ అందులోనూ పొరపడటం సులభం. వెయ్యి బిల్లుల్లో 600 బిల్లుల్లో పాలు ఉన్నాయి. కార్న్‌ఫ్లేక్స్ కొన్న 50 బిల్లుల్లో 33 బిల్లుల్లో పాలు ఉన్నాయి అనుకోండి. 66 శాతం అనగానే ఈ రెండింటికీ గొప్ప సంబంధం ఉన్నట్లు తోస్తుంది. పాలు ఎలాగూ 60 శాతం బిల్లుల్లో ఉన్నాయి కాబట్టి, 66ను 60తో భాగిస్తే వచ్చే లిఫ్ట్ 1.1 మాత్రమే. లిఫ్ట్ 1 అంటే ఆ రెండింటికీ సంబంధమేమీ లేనట్లే. దీనికోసం షెల్ఫ్‌లు మార్చనవసరం లేదు.

ఇక సాధనాల సంగతి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్, సమిఫ్స్, ఎక్స్‌లుకప్, పవర్ క్వెరీ చేయి తిరిగేదాకా సాధన చేయండి. ఒక షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు. చాలా స్టోర్ల బిల్లులను వస్తువులవారీగా తీస్తే నెల తిరగకుండానే అది దాటిపోవచ్చు. కాబట్టి తర్వాతి మెట్టు ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్ నుంచి కావలసిన వివరాలు రాబట్టే భాష. జాయిన్, గ్రూప్ బై, విండో ఫంక్షన్లు వస్తే ఐటీ విభాగాన్ని రిపోర్టు కోసం బతిమాలే పని తప్పుతుంది. ఆ తర్వాత రిపోర్టులు, చార్టులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ. దాని డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితం, మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలూ ఉచితమే. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌కు తొందర లేదు.

ఇంట్లో సాధనకు మీ సంస్థ డేటాను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోకండి, ఉద్యోగమే పోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ శాఖ డేటా భాండారంలో ‘ఆన్‌లైన్ రిటైల్’ పేరుతో ఒక బ్రిటిష్ కానుకల వ్యాపారి బిల్లులు ఉచితంగా దొరుకుతాయి. 2010 డిసెంబర్ నుంచి 2011 డిసెంబర్ వరకు 5,41,909 వరుసలు ఉన్నాయి. అందులో ‘సి’ అక్షరంతో మొదలయ్యే బిల్లులు రద్దయినవి, చాలా వరుసల్లో కస్టమర్ నంబరే లేదు. వీటిని ఏం చేయాలో తేల్చుకోవడంలోనే అసలు శిక్షణ ఉంది.

ఆఫీసులో మాత్రం నెలకొక పేజీ రాసి మీ మేనేజరుకు ఇవ్వండి. అందులో ఒక ప్రశ్న, దానికి సంబంధించిన అంకెలు, మీ సిఫారసు, అది అమలైతే రెండు నెలల తర్వాత వచ్చిన ఫలితం ఉండాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఈ పేజీల గురించే ఎక్కువసేపు అడుగుతారు. వాటిలోని వివరాలను సంస్థ రహస్యాలు బయటపెట్టకుండా శాతాల్లో చెప్పడం ముందే అలవాటు చేసుకోండి. సర్టిఫికెట్ కూడా కావాలనిపిస్తే పవర్ బీఐకి సంబంధించిన పీఎల్-300 పరీక్ష రాయవచ్చు. ఆరేడు నెలలు ఇలా చేశాక గిరాకీ అంచనాలు, ధరల ప్రభావం వంటి వాటిపై ఆసక్తి నిలిస్తే అప్పుడు గణాంకశాస్త్రం, పైథాన్ ఉన్న కోర్సు వెతకండి. చేరేముందు రిటైల్ డేటాతో ఎన్ని ప్రాజెక్టులు చేయిస్తారో శిక్షణ సంస్థను రాతపూర్వకంగా అడగండి.