గోవా క్యాసినోలో టేబుల్ ఆటలు ఎలా ఆడతారు? మూడు ముక్కలాట, రమ్మీ తప్ప ఏమీ రావు. రిసార్టులోనే నేర్చుకోవచ్చా?

మూడు ముక్కలాట వచ్చన్నారు కదా, మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. రాని ఆట దగ్గర ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. వచ్చనుకున్న ఆట దగ్గరే జేబు ఖాళీ చేసుకుంటారు.

ముందు రిసార్టు సంగతి. గోవా చట్టం ఐదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాల మీద ఆడే ఆటలకే అనుమతిస్తుంది. ముక్కలు పంచే డీలర్లతో నడిచే టేబుళ్లకు అనుమతి నీటి మీద పడవల్లో. అందుకే పణజి దగ్గర మాండవి నదిలో అన్నేసి పడవలు లంగరేసి ఉంటాయి. మీరు దిగిన రిసార్టులో తెర మీద రూలెట్ (అంకెల చక్రంలో గోళీ తిప్పే ఆట) కనిపిస్తే నియమాలు నేర్చుకోవడానికి పనికొస్తుంది. చిప్స్ (డబ్బుకి బదులు వాడే బిళ్లలు) ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు అన్నది మాత్రం టేబుల్ దగ్గరే అలవాటవుతుంది. 21 నిండినట్టు చూపే గుర్తింపు కార్డు మర్చిపోకండి.

క్యాసినో మూడు ముక్కలాటలో బ్లైండు, చాలు, సైడ్ షో ఉండవు. పక్కవాడితో మీకు పనే లేదు, మీ ఆట డీలర్‌తోనే. ముందు ఒక పందెం పెడతారు, మూడు ముక్కలు చూసుకుంటారు. నచ్చకపోతే ఆ పందెం వదిలేసి తప్పుకుంటారు, నచ్చితే అంతే డబ్బు ఇంకోటి పెడతారు. త్రీ కార్డ్ పోకర్ పద్ధతిలో డీలర్‌కి కనీసం రాణి ఉండాలి. లేకపోతే మొదటి పందేనికి సమానంగా ఇచ్చి రెండోది తిరిగిచ్చేస్తాడు. మీకు ఎంత పెద్ద చెయ్యి పడినా డీలర్‌కి చెత్త పడితే రెండో పందెం మీద లాభమేమీ రాదు. బ్లఫ్ చేసి లాగేసే ఆట కాదిది. ఎప్పుడు ఆడాలో చెప్పే గీత ఒకటుంది: రాణి, 6, 4 లేదా అంతకన్నా పెద్ద చెయ్యి ఉంటే ఆడండి, తక్కువైతే తప్పుకోండి.

మనవాళ్లు గొడవపడేది ముక్కల వరుస దగ్గర. ఇంట్లో ట్రయల్, అంటే మూడూ ఒకే అంకె, అన్నిటికన్నా పెద్దది. త్రీ కార్డ్ పోకర్‌లో ఒకే రంగు వరుస, అంటే ప్యూర్ సీక్వెన్స్, ట్రయల్‌ని కొడుతుంది. కారణం లెక్కే. 52 ముక్కల్లో మూడు తీస్తే 22,100 రకాల చేతులు వస్తాయి. వాటిలో ప్యూర్ సీక్వెన్సులు 48, ట్రయల్స్ 52. అరుదైనది పైన కూర్చుంటుంది. అలాగే ఇంట్లో ఆసు-2-3 రెండో పెద్ద సీక్వెన్స్, అక్కడ అన్నిటికన్నా చిన్నది. ఇండియన్ ఫ్లష్ లాంటి పేర్లతో ఉండే టేబుళ్ల మీద మన వరుసే ఉండొచ్చు. టేబుల్ గుడ్డ మీద, పక్కన నిలబెట్టిన బోర్డు మీద అచ్చేసి ఉంటుంది, కూర్చునే ముందు చదవండి. చదవకుండా కూర్చుని తర్వాత డీలర్ మీద అరిచేవాళ్లే ఎక్కువ.

ఇక అందర్ బాహర్. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాటతో పాటు నడిచే మన లోనా బయటే. మధ్యలో ఒక ముక్క తిప్పుతారు, అదే జోకరు. తర్వాత ఒకటి లోపల, ఒకటి బయట వేసుకుంటూ పోతారు. అదే అంకె ఏ వైపు పడితే ఆ వైపు గెలుపు. ఇందులో నైపుణ్యం సున్నా, తెలుసుకోవాల్సింది ఒక్కటే. మొదటి ముక్క పడే వైపు గెలిచే అవకాశం 51.5 శాతం. క్యాసినోకి ఆ సంగతి మీకన్నా ముందే తెలుసు కాబట్టి ఆ వైపు గెలిస్తే 1,000కి 900 మాత్రమే ఇస్తుంది, రెండో వైపుకి పూర్తి 1,000. అయినా లెక్క వేస్తే మొదటి వైపు మీద ఇంటి లాభం, అంటే పందెంలో క్యాసినోకి సగటున మిగిలేది, 2.15 శాతం, రెండో వైపు మీద 3 శాతం. పూర్తి డబ్బు వస్తుంది కదా అని రెండో వైపు కూర్చోవడం తప్పు. ఎన్నో ముక్కకి పడుతుందని కాసే సైడ్ పందేల జోలికి పోకండి.

బ్లాక్‌జాక్ కొంచెం నేర్చుకోవాల్సిన ఆట, నేర్చుకుంటే ఫలితమున్న ఆట కూడా. 21 దాటకుండా డీలర్ కన్నా ఎక్కువ తెచ్చుకోవాలి. రాజు, రాణి, జాకీ పది చొప్పున, ఆసు ఒకటి గానీ పదకొండు గానీ. డీలర్ 16 వరకు తీయాల్సిందే, 17కి ఆగాలి. ముక్కలు తెరిచి పంచుతారు కాబట్టి వాటిని ముట్టుకోకూడదు. ఇంకో ముక్క కావాలంటే వేలితో టేబుల్ మీద తట్టండి, వద్దంటే అరచెయ్యి అడ్డంగా ఊపండి. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, పైన కెమెరాకి చెయ్యి కనిపించాలి. డబుల్ చేసేటప్పుడు, అంటే పందెం రెట్టింపు చేసి ఇంకొక్క ముక్కే తీసుకునేటప్పుడు, కొత్త చిప్స్ పాతవాటి పక్కన పెట్టాలి, పైన పేర్చకూడదు.

కూర్చునే ముందు చూడాల్సిన అక్షరాలు నాలుగే. రెండు ముక్కల్లో 21 పడితే 3 టు 2 ఇస్తారా, 6 టు 5 ఇస్తారా? 1,000 మీద మొదటిది 1,500, రెండోది 1,200. చిన్న తేడా అనిపిస్తుంది. ఆ చెయ్యి దాదాపు 21 ఆటలకి ఒకసారి పడుతుంది. గంటకి 60 ఆటలు, ఆటకి 500 చొప్పున ఆడేవాడికి ఈ ఒక్క నియమం వల్ల గంటకి సుమారు 400 రూపాయలు అదనంగా పోతాయి. సరిగ్గా ఆడేవాడికి 3 టు 2 టేబుల్ మీద మొత్తం సగటు నష్టమే గంటకి 150 చుట్టూ ఉంటుంది. అంటే రాసినది చదవకపోతే, సరిగ్గా ఆడినా నష్టం మూడింతలు దాటుతుంది.

ఎప్పుడు ఆగాలన్నది డీలర్ తెరిచిన ముక్కని బట్టి. అది 4, 5, 6 అయితే మీ దగ్గర 12 ఉన్నా ఆగండి. 2, 3 అయితే 13 నుంచి ఆగండి. 7 గానీ పైన గానీ అయితే 17 వచ్చేదాకా తీయండి. 16 మీద తీస్తే పోయే అవకాశం 13లో 8 వంతులు, నిజమే. కానీ డీలర్ పది చూపిస్తుంటే ఆగితే ఇంకా ఎక్కువ పోతుంది. ఆసు-6 కలిపి 17 అయినా దాని మీద మాత్రం ఎప్పుడూ ఆగకూడదు. 11 వస్తే డబుల్. ఒకేలాంటివి రెండు పడితే ఇంకో పందెం పెట్టి రెండు చేతులుగా విడగొట్టొచ్చు: ఆసులు, 8లు విడగొట్టాలి, పదులు, 5లు విడగొట్టకూడదు. ఒక మెలిక ఉంది. డీలర్ రెండో ముక్కని అందరి ఆటా అయ్యాకే తీసుకునే టేబుళ్లున్నాయి. అలాంటి చోట డీలర్‌ది పది గానీ ఆసు గానీ అయితే 11ని డబుల్ చేయకండి, 8లు విడగొట్టకండి. తర్వాత అతనికి బ్లాక్‌జాక్ (రెండు ముక్కల్లోనే 21) తిరిగితే పెట్టిన రెండో పందెం కూడా పోతుంది. ఇన్సూరెన్స్, అంటే డీలర్ ఆసు చూపినప్పుడు అతనికి బ్లాక్‌జాక్ పడుతుందని కాసే పందెం, అస్సలు వద్దు. దానికి 2 టు 1 ఇస్తారు, అంటే మూడింట ఒకసారి పది పడాలి. ఆరు పేకల్లో డీలర్ ఆసు పోగా మిగిలిన 311 ముక్కల్లో పదులు 96 మాత్రమే.

ఈ టేబుల్ దగ్గర రోజూ జరిగే తగాదా ఒకటుంది. డీలర్‌కి కుడివైపు చివరి సీట్లో కొత్తవాడు కూర్చుంటాడు. డీలర్ ముక్క 6. వాడి దగ్గర 9, 5 కలిపి 14. ఆగాల్సింది, తట్టాడు. రాజు పడ్డాడు, 24, పోయాడు. ఇప్పుడు డీలర్ తనకి తీశాడు: 10, మొత్తం 16. ఇంకోటి తీశాడు: 5. 21. టేబుల్ మీద అందరిదీ పోయింది. ఇక మొదలు, నువ్వు ఆ రాజుని వదిలేసుంటే డీలర్‌కి 6, రాజు, 10 పడి 26 అయ్యేది, అందరం గెలిచేవాళ్లం అని. లెక్క నిజమే, ముక్కలు చూశాక. చూడక ముందు? ఆ రాజు స్థానంలో ఏముందో ఎవరికీ తెలియదు. డీలర్‌ని ముంచే ముక్కని వాడు ఎత్తేసుకునే అవకాశం ఎంతో, డీలర్‌ని గట్టెక్కించే ముక్కని ఎత్తేసుకునే అవకాశమూ అంతే. రెండోది జరిగిన రోజు లేచి వాడికి దండ వేసినవాడు ఎవడూ లేడు. వాడు తప్పు చేసింది తనకే. డీలర్ 6 నుంచి నూటికి 42 సార్లు తనంతట తనే మునుగుతాడు, ఆ అవకాశాన్ని వాడు చేజార్చుకున్నాడు. మిగతావాళ్ల అరుపులు వినలేమనుకుంటే చివరి సీటు వదిలి మధ్యలో కూర్చోండి, అంతే.

ఇదే పిచ్చి రూలెట్ దగ్గర బోర్డు రూపంలో ఉంటుంది. గత అంకెలన్నీ వెలుగుతుంటాయి. ఎరుపు ఆరుసార్లు వచ్చింది, ఇక నలుపే అంటాడొకడు. ఎరుపు ఊపులో ఉంది అంటాడింకొకడు. 1913 ఆగస్టు 18న మాంటే కార్లోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. ఎరుపు రావాలి కదా అని కాసినవాళ్లందరూ మునిగారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు. ఆ బోర్డు క్యాసినో ఊరికే ఎందుకు పెడుతుందో ఆలోచించండి.

ఆట మాత్రం తేలిక. ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గడులు. ఒక అంకె మీద కాస్తే 35 రెట్లు, రెండు అంకెల గీత మీద 17, మూడింటి మీద 11, నాలుగింటి మూల మీద 8, డజను మీద 2, ఎరుపు-నలుపు మీద సమానం. ప్రతి అంకె మీదా వంద పెట్టారనుకోండి: 3,700 పెట్టి 3,600 తిరిగి తీసుకుంటారు. ఆ వందే ఇంటి లాభం, 2.7 శాతం. రెండు సున్నాల చక్రమైతే 5.26. నోట్లు డీలర్ చేతికివ్వకుండా టేబుల్ మీద పెట్టండి. మీకొక రంగు చిప్స్ ఇస్తాడు, ఆ రంగు మీ ఒక్కరిదే. గెలిచిన అంకె మీద చిన్న బొమ్మ లాంటి గుర్తు పెడతాడు, అది తీసేదాకా చెయ్యి పెట్టొద్దు.

ప్రవేశ టికెట్‌తో ఓటీపీ చిప్స్ ఇస్తారు. ఫోనుకొచ్చేది కాదు, వన్ టైమ్ ప్లే. వాటిని డబ్బుగా మార్చుకోలేరు. గెలిస్తే అసలు డబ్బు చిప్స్ ఇచ్చి ఆ ఓటీపీ చిప్ తీసేసుకుంటారు. అందరూ భయంగా వీటిని ఎరుపు-నలుపు మీద పెట్టేస్తారు. 1,000 చిప్ సగటు విలువ అక్కడ 486 రూపాయలే. డజను మీద 649. ఒక్క అంకె మీద 946! ఎక్కడ పెట్టనిస్తారో డీలర్‌ని ముందే అడగండి. సమాన పందేలకే పరిమితం చేసే టేబుళ్లు ఉంటాయి. అనుమతిస్తే చిన్న చిప్స్‌గా పంచుకుని అంకెల మీద వేయండి. చాలాసార్లు ఖాళీ చేతులతోనే లేస్తారు, అయినా లెక్క అదే.

బకరా గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బ్యాంకర్, ప్లేయర్ అనే రెండు చేతుల్లో 9కి దగ్గరైనది గెలుస్తుంది, సమానమైతే టై. మీరు చేసే పని బ్యాంకర్, ప్లేయర్, టై లో ఒకటి ఎంచుకోవడమే, మూడో ముక్క నియమాలన్నీ డీలరే చూసుకుంటాడు. బ్యాంకర్ మీద 5 శాతం కమిషన్ పోయినా ఇంటి లాభం 1.06 శాతం, ప్లేయర్ మీద 1.24. టైకి 8 రెట్లు ఇస్తామంటారు, దాని మీద ఇంటి లాభం 14 శాతం పైనే. కమిషన్ లేదని ఊరించే టేబుల్ మీద బ్యాంకర్ 6తో గెలిస్తే సగమే ఇస్తారు, ఇంటి లాభం 1.46 అవుతుంది.

మనం ఇలా అర శాతం, ఒక శాతం అని కొట్టుకుంటుంటే కౌంటర్ దగ్గర జీఎస్టీ కూర్చుని ఉంటుంది. 2023 అక్టోబరు 1 నుంచి చిప్స్ కొన్న మొత్తం మీద 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40. పది వేలిస్తే ఎన్ని చిప్స్ చేతికొస్తాయో కొనే ముందే అడగండి. పన్ను కొనుగోలు మీద, గెలిచిన చిప్స్‌తో మళ్లీ ఆడితే మళ్లీ పడదు. మార్చేసుకున్నా కట్టిన పన్ను వెనక్కి రాదు. కాబట్టి మధ్యలో భోజనానికి లేచినప్పుడల్లా డబ్బు చేసుకుని మళ్లీ కొనడమంటే అసలుకే ఎసరు. గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, పైన సెస్సు. ఓటముల్ని అందులోంచి తీసేసుకోవడానికి లేదు.

రూలెట్ దగ్గర్నుంచి లేచేటప్పుడు మీ రంగు చిప్స్ ఆ డీలర్‌కే తిరిగిచ్చి మామూలు చిప్స్ తీసుకోండి. ఒక్కో చిప్ ఎంతో ఆ టేబుల్‌కే తెలుసు. జేబులో వేసుకుని కౌంటర్‌కి వెళ్తే వెనక్కి పంపుతారు, ఈలోపు డీలర్ మారి ఉంటే సూపర్‌వైజర్‌ని వెతుక్కోవాలి.