నది నడుమ ఊరిలో ఉపాధ్యాయ పోస్టింగ్: రోజూ వెళ్లి రావచ్చా, అక్కడే ఉండాలా?

గద్వాల మండలంలోని గుర్రంగడ్డకు పోస్టింగ్ వచ్చిందనీ, చుట్టూ కృష్ణ ఉంటుంది కనుక రోజూ వెళ్లి రావడం కుదురుతుందో, అక్కడే మకాం పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాననీ మీరు అడిగారు. నేను 2011 నుంచి 2015 దాకా అక్కడ పనిచేశాను. అప్పటికి జోగుళాంబ గద్వాల జిల్లా ఏర్పడలేదు. ఏ కాగితం పని పడినా అప్పటి జిల్లా కేంద్రం పాలమూరు (మహబూబ్‌నగర్) దాకా పోవలసి వచ్చేది. నా అనుభవంలో నవంబరు నుంచి వేసవి సెలవుల దాకా రోజూ వెళ్లి రావచ్చు. జూలై మొదలు అక్టోబరు చివరి వరకు మాత్రం ఊళ్లో మీకంటూ ఒక గది, ఆ గదిలో పది రోజులకు సరిపడా బియ్యం, పప్పు ఉండి తీరాలి.

ముందుగా ఒక పొరపాటు సవరిస్తాను. చాలామంది ఈ ఊరిని కురువపురం అనుకుంటారు. కురువపురం కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో, కృష్ణ మీది జూరాల ఆనకట్టకు ఎగువన ఉన్న శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం. మక్తల్ వైపు నుంచి వెళ్లేవారు పంచదేవపహాడ్ దగ్గర నది దాటుతారు. గుర్రంగడ్డ జూరాలకు దిగువన ఉంది. ఈ ఎగువ, దిగువల తేడా మీ నిత్య జీవితాన్నంతా నిర్ణయిస్తుంది.

మన దగ్గర చినుకు పడకపోయినా ఇక్కడ వరద వస్తుంది. మహారాష్ట్రలోని మహాబలేశ్వరం, సాంగ్లీ వైపు వానలు పడి, కృష్ణ మీద పైన ఉన్న ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాలు నిండితే ఆ నీరు, భీమా నది మీది ఉజ్జని నిండితే ఆ నది నీరు, రెండూ కలిసి జూరాలకే చేరతాయి. జూరాలలో పట్టేది 10 టీఎంసీల లోపే కనుక వచ్చిన వరదను వచ్చినట్టు కిందికి వదలక తప్పదు. అందువల్ల పొద్దున పత్రికలో జలాశయాల పట్టిక చూసేటప్పుడు మన జిల్లా వర్షపాతం కంటే ముందు నారాయణపూర్ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో చూడండి. ఆ నీరు మన దాకా వచ్చేలోగా సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. తుంగభద్ర డ్యామ్ గేట్లు ఎత్తారన్న వార్తకు మాత్రం కంగారుపడకండి. ఆ నది ఆలంపూర్ దాటాక గానీ కృష్ణలో కలవదు. నేను చేరిన మొదటి ఏడు ఆ వార్త చదివి రెండు రోజులు బడికి వెళ్లలేదు. తర్వాత ఊళ్లో పెద్దలు ఆ మాట తీసి నవ్వినప్పుడల్లా నేనూ నవ్వవలసి వచ్చింది.

నిజానికి నన్ను ఇబ్బంది పెట్టినవి పెద్ద వరదలు కావు. పెద్ద వరద వస్తుందంటే ముందుగానే దండోరా వేస్తారు, ఎవరూ నదిలో దిగరు, మీరు ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డునే ఉండిపోతారు. చిక్కంతా నడిమి రోజులతోనే వస్తుంది. జూరాల గేట్లు మూసే ఉన్నా విద్యుదుత్పత్తికి నీళ్లు వదిలితే పొద్దున మోకాటి లోతున్న పాయ సాయంత్రానికి నడుము దాటుతుంది. నడిచి దాటడానికి ఎక్కువగా, పుట్టి (గుండ్రటి గంప లాంటి పడవ) తిరగడానికి తక్కువగా ఉండే ఆ నీటిలో రాళ్లు కనబడవు, పైగా వాటి మీది పాకుడు మీద కాలు నిలవదు. రేవు పక్కన ఒక నల్లబండ ఉండేది. అది మునిగితే నడవకూడదనీ, దాని మీద నుంచి నీరు తెల్లగా విరుగుతూ పారితే పుట్టి కూడా నీళ్లలో దించకూడదనీ ఊరి లెక్క. క్యూసెక్కుల లెక్క కన్నా ఆ బండ లెక్కే నాకు ఎక్కువ అక్కరకు వచ్చింది.

పుట్టి గురించి కొంత వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు అందులో ఎక్కడం నేర్చుకోవాలి. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్టా చుట్టి తారు పూస్తారు. గుండ్రంగా ఉంటుంది కనుక దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు వేసే మనిషి ఏమరుపాటుగా ఉంటే ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. అంచు మీద కాలు వేయకుండా నేరుగా నడిమిలో అడుగు పెట్టి వెంటనే కూర్చోవాలి. ప్రవాహం కిందికి లాగుతుందని తెలుసు కాబట్టి పుట్టిని భుజాన వేసుకొని ఒడ్డు వెంబడి పైకి నడిచి, అక్కడ నీళ్లలో దించి ఏటవాలుగా దాటిస్తారు.

2013 ఆగస్టులో ఒకనాడు నేను మధ్యాహ్న భోజనానికి కోడిగుడ్ల అట్టలు తీసుకుని సాయంత్రం పూట దాటుతున్నాను. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న ఒక అమ్మ "సారూ, నీళ్లు పెరుగుతున్నయి, పొద్దుగాల పోరాదు" అని చెప్పింది. గుడ్లు ఎండకు పాడవుతాయన్న తొందరలో నేను వినలేదు. సగం దూరం పోయేసరికి నీటి రంగు మారింది, రేవు మా కళ్ల ముందే పక్కకు జరిగిపోయింది. చాలా దూరం కిందికి కొట్టుకుపోయి ఒక సర్కారు తుమ్మ పొదను పట్టుకొని ఒడ్డుకు చేరాం. అరచేతుల నిండా ముళ్లు దిగాయి. పుట్టి నడిపిన మనిషి ఒక్క మాటా అనకుండా ముందు గుడ్లు లెక్కపెట్టాడు. నాలుగే పగిలాయి.

ఆ తర్వాత నేను లైఫ్ జాకెట్ కొనుక్కున్నాను. మొదట్లో పిల్లలు నవ్వినా మీరు మాత్రం తీయకండి. ఆరుగురు పట్టే పుట్టిలో ఏడో మనిషి ఎక్కితే మీరు దిగిపోండి, బడి ఆలస్యమైనా సరే. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయినది కూడా ఈ కృష్ణలోనే. ఆలస్యానికి సంజాయిషీ అడిగే అధికారులు ఉంటారు. నన్నూ ఒకరు అడిగారు. నీటిమట్టం కారణంగా దాటలేకపోయిన రోజులను తేదీలతో ఒక నోట్‌బుక్కులో రాసి, పంచాయతీ వారితో సంతకం చేయించి పెట్టుకుంటే మాటల పని ఉండదు.

ఇక ఊళ్లో ఉండడం సులువే. అద్దె గురించి పెద్దగా అడగరు, సారు ఒంటరిగా వండుకుంటున్నాడంటే సాయంత్రానికి ఎవరో ఒకరు జొన్నరొట్టె పంపుతారు. మోటార్లు పెట్టి నది నీటితోనే వరి పండిస్తారు. నాట్ల రోజుల్లో పై తరగతి పిల్లలు బడికి తక్కువగా వస్తారు కనుక కొత్త పాఠాలు ఆ వారం మొదలుపెట్టకండి. కాన్పు దగ్గరపడిన ఆడవాళ్లను వానకాలంలో ముందే అవతలి ఒడ్డుకు, పుట్టింటికో గద్వాలకో పంపుతారు. బీపీ, షుగర్ మందులు వాడేవారైతే మీరూ ఆ పద్ధతే పాటించి, నెలకు సరిపడా మందులు జూన్‌లోనే గదిలో పెట్టుకోండి. వంతెన మాట నేను చేరినప్పుడూ విన్నాను, బదిలీ మీద వచ్చేటప్పుడూ విన్నాను. దాన్ని నమ్ముకొని గది తీసుకోవడం మాత్రం మానకండి.

జూన్ 12న బడి తెరిచే నాటికి నది సాధారణంగా వట్టిపోయే ఉంటుంది. మొదటి రోజు పాయలో రాళ్ల మీదుగా నడిచే వెళ్లండి, ఆ నల్లబండ ఎక్కడుందో నీళ్లు లేనప్పుడే చూసి పెట్టుకోండి. పుట్టి నడిపేవారిలో ఒకరివి కాదు, ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి, ఎందుకంటే ఇద్దరిలో ఒకరి ఫోను ఎప్పుడూ నీళ్లలో తడిసే ఉంటుంది.