అమ్మకు తెలియని పద్దెనిమిది వారాలు

ప్రశ్న: అమ్మా, నాకు ముప్ఫై ఆరేళ్లు. సొంతూరు రాజమండ్రి, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది కె.ఆర్.పురంలో. మాది లేటర్ డే సెయింట్స్ చర్చి. బయటివాళ్లు మార్మన్ చర్చి అంటారు. 2009లో నన్ను రెండేళ్ల మిషన్‌కి, అంటే మత ప్రచార సేవకి, ఫిలిప్పీన్స్ పంపారు. మాలో మిషనరీలు ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరగాలి. మనీలా పక్కనున్న మరికినాలో నాకు జోడీగా దొరికినవాడు పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశపు కుర్రాడు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు చేసేవాళ్లు. మా అదృష్టం కొద్దీ మూడు విడతలు, అంటే పద్దెనిమిది వారాలు, ఒకే గదిలో ఉన్నాం. సెప్టెంబర్ 26న ఒండోయ్ తుఫానుకి నది ఊళ్లోకి వచ్చేసింది. ఆ తర్వాత వారాల తరబడి పసుపు జాకెట్లు వేసుకుని జనం ఇళ్లలో బురద ఎత్తిపోశాం. నాకు సొంత అన్న లేడు. అక్కడి భాషలో అన్నని 'కుయా' అంటారు, అతన్ని అలాగే పిలిచేవాణ్ణి.

2022 జనవరిలో వాళ్ల దేశం దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలి ఇంటర్నెట్ కేబుల్ తెగిపోయింది. నెల దాటాక గాని 'బాగున్నాం, ఊరంతా బూడిదే' అని మెసేజ్ రాలేదు. తర్వాత మా మాటలు తగ్గిపోయాయి. ఈ ఏడాది రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆఫీసు టెన్షన్‌లో ఎత్తలేదు, తిరిగి చేయనూలేదు. పోయిన నెల గుండెపోటుతో పోయాడని ఫేస్‌బుక్‌లో చూశాను. వాళ్లమ్మగారికి ఉత్తరం రాయాలని ఉంది. మా ఆవిడ 'మానుతున్న పుండుని ఎందుకు కెలకడం' అంటోంది. రాయొచ్చా? ఏం రాయాలి? ఆ మిస్డ్ కాల్స్ సంగతి చెప్పి క్షమాపణ అడగనా?
- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రాయండి బాబూ. మీ ఆవిడ భయం నాకు అర్థమైంది. కానీ నెల కిందట కొడుకు పోయిన తల్లి ఆ సంగతి మర్చిపోయి కూర్చుంటే కదా మీరు గుర్తు చేసేది!

మీరు పంపింది ఆరు పేజీలు, పైన అచ్చు వేసింది అందులో కొంచెమే. నాలుగో పేజీ మార్జిన్లో, చోటు చాలక అడ్డంగా, ఒక సంగతి ఇరికించారు. ఆ రోజుల్లో మిషన్లో ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లేనట, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మిగతా రోజుల్లో వారానికో ఈమెయిల్. (2019 నుంచి వారం వారం మాట్లాడుకోనిస్తున్నారని కూడా రాశారు. ఇప్పటి తల్లులు బతికిపోయారు.) అంటే రెండేళ్లలో ఆవిడ కొడుకు గొంతు విన్నది నాలుగుసార్లు. అందులో ఒకసారి, 2009 క్రిస్మస్ నాడు, మీరు పక్కనే కూర్చుని ఉన్నారు. మీకు వాళ్ల భాష ఒక్క ముక్క రాదు. నలభై నిమిషాలు మాట్లాడి, చివర్లో తల్లితో కలిసి పాట పాడి, ఫోన్ పెట్టేసి, ఎవరూ అడక్కుండానే ఇంట్లో గిన్నెలన్నీ తోమాడని రాశారు. ఆ పాట ఆవిడకి గుర్తుండే ఉంటుంది. గిన్నెల సంగతి ఆవిడకెలా తెలుస్తుంది?

మా ఆయన రైల్వేలో గార్డు. ఆయన పోయిన నెలకి జోలార్‌పేట నుంచి ఒక డ్రైవర్ వచ్చాడు, నేనెప్పుడూ చూడని మనిషి. అందరిలాగా 'దేవుడులాంటి మనిషమ్మా' అనలేదు. 'రన్నింగ్ రూమ్‌లో పొద్దున్నే లేచి అందరికీ టీ పెట్టేవారమ్మా, అల్లం ఎక్కువేసేవారు' అన్నాడు. రన్నింగ్ రూమ్ అంటే డ్యూటీ మధ్యలో రైలు సిబ్బంది పడుకునే గది. మా ఇంట్లో ముప్ఫై ఏళ్లలో ఆయన ఒక్కరోజు స్టవ్ వెలిగించిన పాపాన పోలేదు! నాకు రెండు రోజులు ఒళ్లు మండింది. మూడో రోజు నవ్వొచ్చింది. ఇప్పటికీ అల్లం దంచుతుంటే ఆ డ్రైవరే గుర్తొస్తాడు, పేరు కూడా అడగలేదు నేను.

అందుకని బైబిల్ వాక్యాలు, ఓదార్పు మాటలు ఎక్కువ పెట్టకండి. వాళ్లదీ మీ చర్చే, కుటుంబం చావుతో తెగిపోదని మీకెంత నమ్మకమో ఆవిడకీ అంతే. ఆ మాట ఈపాటికి ఊరంతా చెప్పి ఉంటారు. మీరు సినిగాంగ్ గురించి రాయండి. చింతపండు పులుపుతో చేసే ఆ చారు తాగి 'ఇది మా ఇంటి చారే, కారం ఒక్కటే తక్కువ' అని మీరంటే, మర్నాడు జేబు నిండా పచ్చిమిరపకాయలు తెచ్చాడన్నారే, అది. మీ లుంగీ చుట్టుకుని అద్దంలో చూసుకుని 'ఇది మా తుపెనునే, మీవాళ్లు దొంగిలించారు' అన్నాడే, అది. బురదలోంచి ఒక ముసలమ్మ కుట్టుమిషన్ ఒక్కడే వీపు మీద మోసుకొచ్చి, రాత్రంతా నడుం నొప్పని మూలిగాడే, ఆ మూలుగు కూడా రాయండి.

ఇంకోటి. మిషన్లో ఒకరినొకరు 'ఎల్డర్' అని ఇంటిపేరుతో పిలుచుకోవాలట. ఇరవై ఏళ్ల పిల్లలకి పెద్దలని పిలుపు, నాకు భలే ముచ్చటేసింది. ఉత్తరంలో మాత్రం ఆవిడ కొడుక్కి పెట్టుకున్న పేరే రాయండి. పక్కనే, మీరు కుయా అనేవారనీ చెప్పండి.

మిస్డ్ కాల్స్ సంగతి ఈ ఉత్తరంలో వద్దు. అది చదివితే ఆవిడ తన ఏడుపు పక్కనపెట్టి 'పర్వాలేదు నాయనా' అని మిమ్మల్ని ఓదార్చాలి. ఆ పని ఆవిడకి ఇప్పుడు అప్పగించకండి. మీ ఆవిడతో చెప్పుకోండి, పుండు కెలకొద్దన్న మనిషికి మీ పుండు సంగతీ తెలియాలిగా. ఎప్పుడో మీకూ ఆ తల్లికీ చనువు పెరిగితే అప్పుడు చూసుకోవచ్చు.

ఫోటో ఏదైనా ఉంటే ప్రింట్ తీయించి, వెనకాల ఊరు, నెల రాసి పెట్టండి. తోచినట్టు ఇంగ్లీషులోనే రాయండి, అక్కడ అదీ నడుస్తుంది.

ఉత్తరం చేరాక ఒకసారి ఫోన్ చేయండి. టోంగా మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. ఆదివారం నాడు అంగళ్లూ విమానాలూ కూడా ఆపేసే దేశం కాబట్టి, మన ఆదివారం పొద్దున తొమ్మిదికి చేస్తే అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఇంటిపట్టునే ఉంటారు. ఎత్తకపోతే మళ్లీ చేయండి.