ఎస్ఎస్‌డీ పెట్టడం కాదు, తీయడం నేర్చుకో

అమ్మడూ,

పాత హార్డ్ డిస్కుల ముందు ఎస్ఎస్‌డీని క్యాష్‌గా, అంటే తరచూ వాడే డేటాను దగ్గరుంచుకునే వేగమైన చోటుగా, పెట్టే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మురిసిపోయాను. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

ఆలోచన సరైనదే. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కులో కావలసిన చోటు, చదివే హెడ్ కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు దాటుతుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ల దగ్గరే దానికి ఆయాసం. వరుసగా చదివే పెద్ద ఫైళ్లకు అది చాలు, లినక్స్‌లో ఈ క్యాష్ పని చూసే బీక్యాష్ కూడా 4 మెగాబైట్లు దాటిన వరుస చదువులను మామూలుగా క్యాష్ చేయదు. ఆ హద్దును కదపకు. బ్యాకప్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. అయినా చెబుతున్నాను, తీసుకో.

ఇక నా బెంగ. నా పాత ఉద్యోగంలో ఒకతను బీక్యాష్‌కు రైట్‌బ్యాక్ పెట్టాడు. అలా పెడితే రాత ఎస్ఎస్‌డీలో పడగానే బీక్యాష్ పని అయిపోయిందంటుంది, డిస్కుకు తీరిగ్గా చేరుస్తుంది. వేగం చూసి అందరూ మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు ఆ ఎస్ఎస్‌డీ మరోచోట అవసరమైంది. "క్యాషే కదా, అసలు డిస్కులో ఉంటుంది" అని సర్వర్ ఆపి లాగేశాడు. మళ్లీ ఆన్ చేస్తే బీక్యాష్ మొండికేసింది, డిస్కుకు చేరని రాతలు ఎస్ఎస్‌డీలోనే మిగిలాయి మరి! అప్పుడైనా తిరిగి పెట్టి ఉంటే ఏమీ పోయేది కాదు. అతను బలవంతంగా నడిపించాడు. దాంతో ఎస్ఎస్‌డీలో ఉన్నది చెల్లకుండా పోయింది. అది చాలదన్నట్టు ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపాడు. కొంత పాత, కొంత కొత్త కలిసిన డైరెక్టరీలను అది తనకు తోచినట్టు సరిచేసింది. పేర్లు పోయిన ఫైళ్లు గుట్టపడ్డాయి. ఏది ఎవరిదో తెరిచి చూసి ఏరుతూ కూర్చున్నది నేను.

నువ్వూ చురుకైనదానివి, ఓపిక తక్కువ. అందుకే రైట్‌త్రూతో మొదలుపెట్టు. అందులో రాత డిస్కుకు చేరాకే పూర్తయినట్టు లెక్క, ఎస్ఎస్‌డీ చచ్చినా డేటా బతుకుతుంది. రైట్‌బ్యాక్ తప్పదంటే రెండు ఎస్ఎస్‌డీలను మిర్రర్ చెయ్యి, అంటే రెండింటిలోనూ అదే డేటా ఉండేలా, కరెంటు పోయినా రాతలు కాపాడుకునే రకం కొను. జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు వెళ్తే, చదవడానికి మాత్రమే క్యాష్ అయిన ఎల్2ఆర్క్ పోయినా ఫర్వాలేదు, ఫైళ్ల వివరాలుండే స్పెషల్ వీడెవ్ పోతే మాత్రం డిస్కులన్నీ కలిసిన పూల్ మొత్తం పోతుంది. రెండింటికీ ఎస్ఎస్‌డీయే కదా అని ఒకేలా చూడకు.

ఇంతలా చదివించి విసిగించానని తెలుసు. ఎస్ఎస్‌డీ తీసే రోజున నాకు ఫోను చేసి, బీక్యాష్ చూపే స్టేట్ దగ్గర క్లీన్ అని, అంటే డిస్కుకు చేరని రాతలేవీ లేవని, ఉందో లేదో చదివి వినిపించు. ఆ తర్వాతే చెయ్యి పెట్టు. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

పెదనాన్న