పదో తరగతి ఇంగ్లిష్: అన్‌సీన్ ప్యాసేజీ, లెటర్ దగ్గర ఆగిపోయే పిల్లల చేత మూడు వారాల్లో ఏం చేయించాలి?

మీ ప్రశ్న ఇదీ: గుంటూరు పక్క హైస్కూల్లో పదో తరగతి, నలభై మందికి పైగా పిల్లలు. గ్రామర్ బిట్లు చేసేస్తారు కానీ అన్‌సీన్ ప్యాసేజీ (పాఠాల్లో లేని కొత్త పేరా ఇచ్చి ప్రశ్నలడగడం) వస్తే అందులోంచి నాలుగు లైన్లు ఎత్తి రాసేస్తారు, లెటర్ వస్తే ఖాళీ వదిలేస్తారు. పరీక్షకి మూడు వారాలుంది. విజయవాడలో ఇదే తరగతికి ఇదే సబ్జెక్టు చెప్తున్నాను కాబట్టి క్లాసులో నిలబడిన పద్ధతులే రాస్తున్నా.

పదాలు తెలియక మార్కులు పోతున్నాయని మనం అనుకుంటాం. చాలావరకు అది కాదు. ప్రశ్న ఏం అడుగుతోందో చూడకుండా జవాబు వెతకడం మొదలుపెడతారు, పోయేది అక్కడే. బోర్డు మీద చిన్న ప్యాసేజీ ఒకటి రాసి చూడండి: కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, 1952లో తెగింది, డెల్టా రైతులు నీళ్ళ కోసం బెంగపడ్డారు, ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. దీన్ని సులువైన ఇంగ్లిష్‌లో ఐదారు వాక్యాలు చేసి, 'వై వాజ్ ద బ్యారేజ్ బిల్ట్?' అని అడగండి. సగం మంది 'ద బ్యారేజ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1957' అని రాస్తారు. ప్రశ్నలో 'బ్యారేజ్' ఉంది, ఆ లైన్లోనూ 'బ్యారేజ్' ఉంది, అంతే లెక్క. అసలు జవాబు దానికి పై లైన్లలో ఉంది, అక్కడ ఆ మాటే లేదు. కాబట్టి మాట కలిసిన లైను దొరకగానే రాయనివ్వకండి. దాని పై లైను, కింది లైను కూడా చదివాకే పెన్ను పట్టాలి. ప్రతి జవాబుకీ 'ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు' అని అడగండి. చూపించలేకపోతే ఆ జవాబు పక్కవాడిదని అర్థం.

రోజూ పీరియడ్ మొదటి ఐదు నిమిషాలు ప్యాసేజీ లేకుండా ప్రశ్నలు మాత్రమే చదవండి. జవాబు చెప్పక్కర్లేదు, అది మనిషా, చోటా, సమయమా, కారణమా అన్నదొక్కటే పిల్లలు చెప్పాలి. వారం తిరిగేసరికి 'వై'కి సంవత్సరం రాయడం తగ్గుతుంది. అలాగే ప్యాసేజీలో 'ఇట్', 'దే', 'దిస్' వచ్చిన ప్రతిచోటా అది ఎవరిని చూపిస్తోందో పెన్సిల్‌తో బాణం గీయించండి.

జవాబు తెలిసీ తప్పు రాసే రకం ఇంకోటి. 'వేర్ డిడ్ రవి గో?' అంటే 'రవి గో టు మార్కెట్' అంటారు. ప్రశ్నలో 'గో' ఉంది కదా, అదే దింపేస్తారు. 'డిడ్' కొట్టేసినప్పుడు దాని భూతకాలం వెర్బు మీదకి రావాలని, 'గో' కాస్తా 'వెంట్' అవుతుందని నేర్పాలి. ఇది వివరిస్తే రాదు, పది వెర్బులతో రోజూ నోటితో అనిపిస్తేనే వస్తుంది. ప్యాసేజీ 'ఐ లాస్ట్ మై బ్యాగ్' అని ఉంటే జవాబులో కూడా 'ఐ' అనే రాస్తారు, అక్కడ 'ద నెరేటర్' రావాలి.

ప్యాసేజీల కోసం గైడు కొనక్కర్లేదు. కింది తరగతుల సోషల్, సైన్స్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా, వాటిలోంచి పేరా తీసుకోండి. తెలుగు పేజీ మూసి ఇంగ్లిష్ చదివించి జవాబులు రాయించి, ఆ తర్వాతే తెరిచి సరిచూసుకోమనండి.

ఇక లెటర్. అడ్రసు, తేదీ, 'సర్', సబ్జెక్టు, చివర 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', ఈ చట్రం ఒక పీరియడ్‌లో వచ్చేస్తుంది. గొడవంతా మధ్యలో ఉంది. గైడులో లెటర్ బట్టీ పట్టినవాడు దోమల మీద మున్సిపల్ కమిషనర్‌కి రాస్తూ 'ఐ యామ్ ఫైన్ హియర్, హోప్ యు ఆర్ ఫైన్ దేర్' అని మొదలుపెడతాడు. బట్టీ ఆపించండి. సమస్య ఇచ్చి ముందు తెలుగులోనే అడగండి: ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరికి ఇబ్బంది, ఏం చేయాలి. వచ్చిన జవాబుల్ని ఇంగ్లిష్‌లో రెండు మూడు మాటల చొప్పున బోర్డు మీద వేయండి. ఒక్కోదాన్ని వాళ్ళు పది మాటలు దాటని వాక్యాలుగా చేయాలి.

వాళ్ళు ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే. 'మా వీధిలో డ్రైన్ నిండిపోయి నీళ్ళు రోడ్డు మీదకొచ్చి దోమలు పెరిగి పిల్లలకి జ్వరాలు వస్తున్నాయి' అన్నది తెలుగులో ఒకే వాక్యం, నిండిపోయి, వచ్చి, పెరిగి అని హాయిగా సాగిపోతుంది. దాన్ని అలాగే ఇంగ్లిష్‌లోకి దించితే ఫుల్‌స్టాప్ లేని నాలుగు లైన్ల ముద్ద అవుతుంది. 'ద డ్రైన్ ఈజ్ ఫుల్. ద వాటర్ కమ్స్ ఆన్ టు ద రోడ్. మస్కిటోస్ బ్రీడ్ ఇన్ ఇట్. మెనీ చిల్డ్రన్ హావ్ ఫీవర్.' అని ముక్కలు చేయించండి. రాశాక ప్రతి వాక్యంలో వెర్బు కింద గీత గీయాలి. గీత లేకపోతే వాక్యం కాలేదు, రెండు మూడుంటే ఎక్కడో తెంచాలి. తెలివైన పిల్లలు మాత్రమే తర్వాత 'సో', 'బికాజ్' పెట్టి రెండేసి కలపొచ్చు. తర్వాతి రోజు అదే లెటర్‌లో సమస్య మార్చండి, ఆ మర్నాడు ఎవరికి రాయాలో మార్చండి. డైరీ రాయమనే ప్రశ్నకీ ఇదే దారి, కాకపోతే అంతా భూతకాలం, పైన తేదీ.

దిద్దుబాటులో పొదుపు చూపించాలి. పేజీ అంతా ఎర్ర సిరా పోస్తే పిల్లాడు మార్కు చూసి పుస్తకం మూసేస్తాడు. ఒక వారం వెర్బులే, ఇంకో వారం క్యాపిటల్ లెటర్లు, ఫుల్‌స్టాప్‌లే చూడండి. తప్పు సరిచేసి ఇవ్వకండి, మార్జిన్‌లో గుర్తు పెట్టి వదిలేయండి, దిద్దుకోవాల్సింది వాళ్ళు. రోజుకి పది పుస్తకాలు వంతులవారీగా తీసుకుంటే సరిపోతుంది. అందరూ చేసే తప్పు పేరు చెప్పకుండా బోర్డు మీదకి ఎక్కించండి.

మొదటి వారం చదవడం, రెండో వారం రాయడం పెట్టుకుని మూడో వారం పూర్తి పేపర్లు గడియారం పెట్టి రాయించండి. పరీక్ష 3 గంటల 15 నిమిషాలు, అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. ఆ సమయంలో ప్యాసేజీల ప్రశ్నలు చూసుకుని, లెటరా డైరీయా అన్నది తేల్చుకోవాలి. రాసేటప్పుడు గ్రామర్ చివరికి పెట్టమనడం నా పద్ధతి. బిట్లు ముందు పట్టుకుంటే ఒక్కో ఖాళీ దగ్గర జుట్టు పీక్కుంటూ కూర్చుంటారు, లెటర్‌కి టైం మిగలదు.

100కి 35 తెచ్చుకోవడమే గండంగా ఉన్న పిల్లలకి ఇదంతా వద్దు. ప్యాసేజీలో 'హూ', 'వేర్', 'వెన్' ప్రశ్నలు, లెటర్ చట్రం, గ్రాఫ్ లేదా పట్టిక మీద ప్రశ్న, ఈ మూడు చాలు. పట్టిక కోసం దినపత్రికలో వచ్చే మిర్చి యార్డు ధరలు తీసుకోండి. తేజ, బాడిగ, 334 అనే మిర్చి రకాల పేర్లు మీ పిల్లలు ఇంట్లో వినే మాటలే, కాబట్టి అంకెలకి భయపడరు. 'ద హైయెస్ట్ ప్రైస్ ఈజ్ ఫర్...', 'ద లోయెస్ట్ ప్రైస్ ఈజ్ ఫర్...', 'తేజ కాస్ట్స్ మోర్ దాన్...' ఈ మూడు వాక్యాల మూసలు వస్తే ఏ పట్టికకైనా నాలుగైదు వాక్యాలు పడతాయి. 'మోర్ హైయెస్ట్' అని కలిపేస్తారు, మొదటి రోజే పట్టుకోండి.