రేసు కారుకు 38 లక్షలు: అందులో చరిత్ర ఖరీదెంత?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పర్లాకిమిడిలో బట్టల షాపు ఉంది, దాని మీద అప్పు లేదు. గత నెలలో స్థలం అమ్మితే 40 లక్షలు వచ్చాయి. అవి కాక ఎఫ్‌డీలు 26 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 19 లక్షలు ఉన్నాయి. అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. బరంపురంలో ఒక బ్రోకరు 1948 నాటి ఎం.జి. టీసీ (ఎం.జి. అనే ఇంగ్లీషు కంపెనీ టీసీ మోడల్) కారు చూపించాడు. మద్రాసులో రిజిస్టరై, 1950లలో మద్రాసు దగ్గరి షోలవరం రేసుల్లో పరుగెత్తిందట. 38 లక్షలు చెబుతున్నాడు. రేసు చరిత్ర లేని టీసీ అయితే 24 లక్షలకే వస్తుందని తనే అన్నాడు. 5 లక్షలు అడ్వాన్సు నగదుగా ఇమ్మంటున్నాడు. పెట్టుబడిగా కొనవచ్చా?

జవాబు: బ్రోకరు చెప్పిన రెండు ధరల తేడా 14 లక్షలు. కారు అదే, ఇంజిన్ అదే. ఆ 14 లక్షలూ మీరు చెల్లించేది ‘ఈ కారు ఫలానా రేసులో పరుగెత్తింది’ అన్న ఒక్క మాటకు. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడు ఆ మాటకు రుజువు అడుగుతాడు. అప్పుడు చూపించగలిగిన కాగితమే మీ 14 లక్షలు. అది లేకపోతే ఆ సొమ్ము మొదటి రోజే పోయినట్టు. కాబట్టి ముందు కారును, తర్వాత చరిత్రను విడివిడిగా పరీక్షించాలి.

మొదట కారు. టీసీలు 1945 నుంచి 1949 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో సుమారు 10,000 తయారయ్యాయి. చాసిస్ (కారు అడుగు ఇనుప చట్రం) నెంబర్లు 0251తో మొదలవుతాయి, 251 ఆ ఫ్యాక్టరీ ఫోను నెంబరు. అంతకంటే తక్కువ నెంబరు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. నెంబరు ఎడమ చాసిస్ రైలు (చట్రంలోని పొడవాటి ఇనుప దూలం) ముందుకొన దగ్గర పంచ్ కొట్టి ఉంటుంది. ఆ చోట రంగు తీయించి, పదిరెట్ల భూతద్దంతో చూడండి. ఆర్టీఓ ఆఫీసులో తీసినట్టే పెన్సిల్ ప్రింటు తీసి ఉంచుకోండి. అంకెల లోతు, వరుస ఒకేలా ఉన్నాయా? చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయా? పాత నెంబరు అరగదీసి కొత్తది కొడితే అక్కడ ఇనుము పలచబడుతుంది. అల్ట్రాసోనిక్ మందం గేజీతో నెంబరు మీద ఒకసారి, పది సెంటీమీటర్ల అవతల ఒకసారి కొలిపిస్తే ఆ మోసం బయటపడుతుంది. రైలు లోపలివైపు వెల్డింగ్ అతుకు ఉందేమో కూడా చూడాలి. వేరే చాసిస్ నుంచి నెంబరున్న ముక్క కోసి అతికించడం ఈ వ్యాపారంలో పాత పద్ధతి.

ఇంజిన్ నెంబరు మాత్రం ఎనిమిది మూలల ఇత్తడి బిళ్ల మీద, ఫ్లైవీల్ చక్రాన్ని కప్పే హౌసింగ్‌కు ఎడమవైపు ఉంటుంది. దాన్ని ఎక్కువ నమ్మకండి. బిళ్లలు కొత్తవి దొరుకుతాయి, రివెట్లు ఊడదీసి వేరే ఇంజిన్‌కు బిగించవచ్చు. ఇంజిన్ టీసీకి వేసే ఎక్స్‌పీఏజీ రకమేనా అన్నది బోల్టులు చెబుతాయి. 1250 సీసీల ఈ ఇంజిన్‌లో బోల్టు మర మెట్రిక్ కొలత, తల మాత్రం విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత. 13, 17 మిల్లీమీటర్ల స్పానర్లు చక్కగా పట్టే బోల్టులు కనిపిస్తే అవి తర్వాత మార్చినవే. కొన్ని మారితే తప్పు లేదు, డెబ్బై ఏళ్లు దాటిన బండి మరి. అన్నీ మారితే ఆ ఇంజిన్ పూర్తిగా విప్పి బిగించిందని అర్థం, ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో అడగాలి. లూకాస్ డైనమో, స్టార్టర్ మీద తయారీ నెల, సంవత్సరం పంచ్ కొట్టి ఉంటాయి, అవీ రాసుకోండి. 1955కు ముందటి కార్ల ఫ్యాక్టరీ రికార్డులు ఆబింగ్డన్‌లోని ఎం.జి. కార్ క్లబ్ దగ్గర ఉన్నాయి. మీ పెన్సిల్ ప్రింటు పంపి, ఆ చాసిస్‌కు మొదట ఏ ఇంజిన్ బిగించారో, ఏ తేదీన పూర్తయిందో అడగండి. జవాబు వచ్చేదాకా బేరం ముందుకు నడపకండి.

ఇక చరిత్ర. బ్రోకరు ఫైల్లో చూపించే ప్రతి కాగితాన్నీ దాని తేదీతో సరిచూడండి. నకిలీలు దొరికిపోయేది ఎక్కువగా ఇక్కడే. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పుట్టింది 1953లో, కనుక 1951 తేదీతో ఆ క్లబ్ సర్టిఫికెట్ ఉండదు. 1957 ఏప్రిల్‌కు ముందటి రసీదులో అణాలు ఉండాలి, నయాపైసలు ఉండకూడదు. లెటర్‌హెడ్ మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు తర్వాత అచ్చయినదే. పర్లాకిమిడి 1936 నుంచి ఒరిస్సాలో ఉంది. ‘పర్లాకిమిడి, మద్రాసు రాష్ట్రం, 1949’ అని ఎవరైనా జమీందారు గ్యారేజీ కాగితం చూపిస్తే అది నకిలీ అని మన ఊరివాళ్లకు ఇట్టే తెలిసిపోవాలి.

ఫోటోల విషయం ఇంకా సున్నితం. రేసులో టీసీ కనిపించినంత మాత్రాన అది ఈ టీసీ అని కాదు. రిజిస్ట్రేషన్ ప్లేటు చదవగలగాలి. ఆ నెంబరు పాత ఆర్‌సీ పుస్తకంలో ఇదే చాసిస్ పక్కన రాసి ఉండాలి. అలాంటి ఫోటో, ఆర్‌సీ, రేసు ఎంట్రీ జాబితా మూడూ ఒకే నెంబరు చూపిస్తేనే చరిత్ర నిలుస్తుంది. రేసు నుంచి నేటిదాకా యజమానుల వరుసలో మధ్య పాతికేళ్లు ఖాళీగా ఉంటే ధర 24 లక్షల వైపు దిగాల్సిందే. 1929, 1930లలో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసులు గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ మీద 1990లో లండన్ కోర్టులో పెద్ద వివాదం నడిచింది. అసలు భాగాలు చాలా కొద్దిగా మిగిలినా, దాని చరిత్ర ఎక్కడా తెగలేదు కాబట్టి అది అసలైనదేనని తీర్పు వచ్చింది. వరుస తెగకపోవడానికి అంత విలువ ఉంది. ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ) ఇచ్చే హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ తెప్పిస్తానని బ్రోకరు అంటే మాత్రం దానికి డబ్బు కలపకండి. కారు అమరిక ఆ కాలపు నిర్దేశాలకు సరిపోతుందని చెప్పేది అది, ఫలానా రేసు పరుగెత్తిందని కాదు.

మీరు అడగనిది ఒకటి ఉంది, అది రిజిస్ట్రేషన్. 2021 జులై నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ వాహనాల వీఏ సిరీస్ నెంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ కారు అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులు ఉండకూడదు. రేసు కోసం బాడీ కోసిన, ఇంజిన్ శక్తి పెంచిన కారు ఈ షరతు దగ్గర చిక్కుకుంటుంది. రేసు కారు అని ఎంత గట్టిగా నిరూపిస్తే అంత చిక్కు! గజపతి జిల్లా ఆర్టీఓ ఆఫీసులో ఫోటోలు చూపించి కొనకముందే అడగండి. పాత ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే ఫారం 35తో తీయించాలి, వేరే రాష్ట్రానిది అయితే ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి. చేతిరాత ఆర్‌సీలు చాలావరకు వాహన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో కనిపించవు. ఇచ్చిన ఆఫీసుకే రాయాల్సి ఉంటుంది, నెలలు పట్టవచ్చు.

నగదు అడ్వాన్సు వద్దే వద్దు. 2 లక్షలు, ఆ పైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నవాడికి అంతే జరిమానా. మీకొచ్చే నష్టం వేరు: కొన్న ధరకు రుజువు ఉండదు. వాడుక వస్తువుగా కాక పెట్టుబడిగా ఉంచుకున్న కారు 24 నెలల తర్వాత అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను పడవచ్చు, అప్పుడు కొన్న ధర చూపించాలి. అడ్వాన్సు ఎన్‌ఈఎఫ్‌టీలో, 50,000 మించకుండా, రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాగితంలో చాసిస్, ఇంజిన్ నెంబర్లు, అమ్మేవాడు చెప్పిన రేసు పేరు, సంవత్సరం రాయించండి. ఫ్యాక్టరీ రికార్డు తేడా వచ్చినా, ఆర్టీఓ తిరస్కరించినా 15 రోజుల్లో అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని రాయించండి. సంతకం బ్రోకరుది కాదు, యజమానిది.

ఇప్పుడు మీ డబ్బు. మొత్తం 85 లక్షల్లో 38 పెడితే 45 శాతం ఒకే వస్తువులో ఇరుక్కుంటుంది. అద్దె రాదు, వడ్డీ రాదు, అమ్మాలనుకున్న నెలలో కొనేవాడు దొరకడు. పైగా టీసీ బాడీ లోపలి చట్రం కర్ర. మన వానాకాలపు తేమకు, చెదలకు కాపాడాలంటే మూసిన షెడ్డు, ఏటా నిర్వహణ తప్పవు. అమ్మాయి కాలేజీ ఫీజులు వచ్చే ఏడాదే మొదలవుతాయి. ఇలాంటి వస్తువుకు 15 శాతం, అంటే 12-13 లక్షలు దాటవద్దని నా అభిప్రాయం. ఆ లెక్కన 24 లక్షలకు కూడా ఇది మీకు పెట్టుబడి కాదు. పదేళ్లలో ధర రెట్టింపు అవుతుందని ఎవరైనా అంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి.

స్థలం అమ్మిన లాభం మీద పన్ను ముందుగా పక్కన పెట్టండి, కారు కొంటే ఆ పన్ను తగ్గదు. అమ్మిన తేదీ నుంచి ఆరు నెలల్లోగా ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి సంస్థల మూలధన లాభాల బాండ్లలో పెడితే మినహాయింపు రావచ్చు. ఐదేళ్లు కదపలేరు, మొత్తం 50 లక్షలు పరిమితి. మీకు ఇంకా ఐదు నెలలే ఉన్నాయి, బ్రోకరుకు జవాబు చెప్పేలోపు ముందు ఆ ఫారం నింపండి.