ఆహారోత్సవానికి వస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి నెల్లూరు నుంచి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. వచ్చే శనివారం నీ స్నేహితులు ముగ్గురిని వెంటబెట్టుకుని ఊళ్లో జరిగే ఆహారోత్సవానికి వస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉత్సవం అనగానే మధ్యాహ్నం అన్నం మానేసి రావద్దు. కడుపు మాడుతున్నవాడికి గేటు పక్కన చల్లారిపోయిన మిరపకాయ బజ్జీ కూడా అమృతంలాగే ఉంటుంది. ఆ ఒక్క ప్లేటుతో అసలైన వంటకాలకు చోటు లేకుండా పోతుంది. మీ అత్తయ్య కలిపే పెరుగన్నం నాలుగు ముద్దలు తిని, ఎండ చల్లబడగానే బయలుదేరండి.

లోపలికి వెళ్లాక ఏమీ కొనకుండా ఒక చుట్టు తిరిగి, ముందు బాణళ్లు చూడండి. నూనె నల్లబడి, చిక్కబడి, అంచుల వెంట నురుగు నిలిచిపోయి ఉంటే అది ఎన్నిసార్లు కాచిన నూనో! పదేపదే కాగిన నూనెలో పేరుకునే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించితే దాన్ని వేపుళ్లకు వాడకూడదన్న నిబంధన 2018లోనే అమల్లోకి వచ్చింది కానీ, మైదానంలో నిలబడి దాన్ని కొలవలేం కనుక కళ్లనూ ముక్కునూ నమ్ముకోవాలి. ఒకసారి అలాంటి నూనెలో రొయ్యలు వేయిస్తున్నారని తెలిసి కూడా వాసనకు లొంగిపోయి తిన్నాను. తరువాత రెండు రోజులు మజ్జిగే గతి అయింది. అమ్మినవాడి తప్పు ఎంతో, చూసి తిన్న నా తప్పూ అంతే.

కూపన్లు ఒకేసారి కొనవద్దు. మిగిలిపోతే డబ్బు వెనక్కి ఇవ్వం అని వాళ్లు అనవచ్చు. ఏది కొన్నా ఒక్క ప్లేటే తీసుకుని నలుగురూ పంచుకోండి.

మొదట తినవలసింది చేపల పులుసు. తీపి తిన్న నోటికి చింతపండు పులుపు మరీ ఘాటుగా తగులుతుంది, కారం దోశ తిన్న నోటికి పులుసులోని మెంతుల కమ్మదనం అసలు తెలియదు. ఎప్పుడు వండారని అడగడానికి మొహమాటపడకు. ఇప్పుడే దించామని గర్వంగా చెప్పే దుకాణం కంటే, పొద్దున వండి మళ్లీ పొగలు వచ్చేలా వేడిచేస్తున్నామనే దుకాణమే నయం, ఎందుకంటే ఉప్పూ పులుపూ కారమూ ముక్క లోపలికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. మన ఇళ్లలో రాత్రి పులుసును మరునాడు పొద్దున ఇడ్లీకీ దోశకీ దాచుకునేది అందుకే. గిన్నెలోకి తొంగిచూస్తే ఎర్రటి నూనె పైకి తేలి అంచులకు చేరి ఉండాలి, ముక్కలు విరగకుండా ఉండాలి. చెయ్యి తిరిగినవాళ్లు గరిటె పెట్టి కలపరు, గుడ్డతో గిన్నెను రెండు వైపులా పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. ఇది మామిడికాయల కాలం కనుక టెంకతో ఉన్న ముక్క ఒకటి అడిగి వేయించుకో. తొక్క ఊడకుండా, లోపలి కండ మాత్రం వేలితో నొక్కితే పులుసులో కలిసిపోయేంత మెత్తగా ఉండాలి. చేప ఏదని కూడా కనుక్కో. బొచ్చెలో సన్న ముళ్లు ఎక్కువ, అలవాటు లేని నీ స్నేహితులకు కొరమీను సులువు. పక్కన తెల్లన్నమే పెట్టించుకోండి, పలావు వద్దు. బిర్యానీ జోలికి అసలు పోవద్దు, అది మీ హైదరాబాదులో రోజూ దొరికేదే.

ఆ తరువాత ఎర్రకారం పూసిన దోశ ఒకటి పెనం మీద నుంచి తీయగానే తినండి. మధ్యలో గూడూరు నిమ్మకాయ పిండిన సోడా తాగితే నోరు శుభ్రపడుతుంది, ఐసు ముక్కలు మాత్రం వేయవద్దని చెప్పండి.

తీపి విషయంలో నాకు పట్టింపు కాస్త ఎక్కువే. ఆత్రేయపురం పూతరేకులు పెట్టినవాళ్లు ఉంటారు. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే బోర్లించిన కుండ మీద తీసిన ఆ పొరకు సముద్రపు గాలి పడదు, విప్పి అరగంట ఉంచితే తడి గుడ్డలా సాగుతుంది. అందుచేత అప్పటికప్పుడు కాగితం విప్పించుకుని తినాలి. ఒంగోలు మైసూరుపాకు కనిపిస్తే అక్కడ తినకుండా కట్టించుకోండి, రెండు రోజులైనా దాని రుచి ఎక్కడికీ పోదు. చివరికి ఉంచుకోవలసింది మన మలై కాజా. కాజా అన్న మాట విని నీ స్నేహితుల్లో కాకినాడ పిల్లవాడు పాకం చిమ్మే గొట్టం కాజానో, పొరలు కరకరలాడే మడత కాజానో ఊహించుకుని నిరాశపడతాడేమో, ముందే చెప్పి ఉంచు. ఇది కోవా కలిపిన ముద్దను సన్నని సెగ మీద వేయించి పాకంలో ఊరేసేది, గట్టిగా కరవనక్కరలేదు. చెంచాతో కోసి చూడండి. నడిమి దాకా పాకం దిగి ఉంటే మంచిది, మధ్యలో పొడిగా తెల్లగా పిండి కనిపిస్తే రెండోది కొనవద్దు.

మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులతో అంత దూరం నడవలేదు కనుక వచ్చేటప్పుడు ఆమెకు నాలుగు కాజాలు కట్టించుకు రా. అట్టపెట్టెలో పెట్టిస్తే పాకం కారి చొక్కా పాడవుతుంది; వంటింటి గూట్లో మూత బిగిసే స్టీలు డబ్బా ఉంది, వెళ్లేటప్పుడే సంచిలో వేసుకో.

మీ మామయ్య